గెజిటెడ్ ‘యో’

పరిశ్రమల మైత్రీ సంస్థ సంచాలకులు గరుడాచలం గారు జపాను దేశానికి అధ్యయన యాత్ర వెళ్ళొచ్చి, వచ్చిన సోమవారమే ఒక ఉత్తర్వు జారీ చేశారు. కాకినాడలోని ఆ ఆఫీసుకి ఉత్తర్వులు కొత్త కాదు. బీరువాలకు అంకెలు వేయమని ఒకసారీ, వేసిన అంకెలు చెరిపేయమని ఇంకోసారీ వచ్చాయి. సిబ్బంది రెండూ చేసి, జీతాలు తీసుకుని, హాయిగా ఉన్నారు. ఈసారి వచ్చిన ఉత్తర్వు మాత్రం చదివినవాళ్ళు మళ్ళీ చదవాల్సి వచ్చింది.

“మన సిబ్బంది జపాను పెట్టుబడిదారులతో మరీ మర్యాదగా మాట్లాడుటవలన దూరము పెరుగుచున్నట్లు గమనించడమైనది. చనువు లేనిదే స్నేహము లేదు, స్నేహము లేనిదే పరిశ్రమ లేదు. కావున వచ్చే నెల మొదటి తారీఖునుండి సిబ్బంది యావన్మందీ చనువుతో కూడిన జపాను భాషను విధిగా మాట్లాడవలెను. చనువు చూపనివారిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును.”

ఆ చనువు నేర్పే పని వకుళ నెత్తిన పడింది. వకుళ చెన్నై దగ్గర ఒక జపాను ఫ్యాక్టరీలో దుబాసీగా పనిచేసింది. హాస్టలు గదులూ, హాస్టలు సాంబారూ మొహం మొత్తి, సొంతూళ్ళో ఉద్యోగం ఉందంటే ఎగిరి గంతేసి వచ్చి చేరింది. తీరా చూస్తే అది ఏటా మార్చితో గడువు తీరే కాంట్రాక్టు ఉద్యోగం. మార్చి వస్తోందంటే గుండెలో రాయి పడుతుంది. ఇప్పుడు ఒక జపాను చేపల వలల కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీ పెట్టడానికి స్థలం చూసుకోవడానికి వస్తున్నారు. “వాళ్ళ పర్యటన సజావుగా జరగనీ అమ్మా, నీ పోస్టు పర్మినెంటు చేయించే పూచీ నాది,” అని గరుడాచలం గారు మాటిచ్చారు. ఆ మాట వకుళ ఇంట్లో అమ్మకి చెప్పింది. అమ్మ వీధి వీధంతా చెప్పింది. అందుచేత ఇక ఆ ఉద్యోగం పర్మినెంటు కాకపోతే వకుళ కాకినాడలో తలెత్తుకుని తిరగడం కష్టం.

మొదటి క్లాసు మీటింగు హాల్లో జరిగింది. ముందు వరసలో గరుడాచలం గారు కూర్చున్నారు. నిండైన మనిషి, నిగనిగలాడే నల్లటి జుట్టు. ఆ నలుపు జుట్టుతో ఆగకుండా ఎడమ చెవి మీదికి కూడా కాస్త దిగింది. అది వకుళ చేరిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఆయన పక్కన సూపరింటెండెంటు కోదండపాణి గారు. ఆయన ఇంత సర్వీసులో ఏ ఫైలు మీదా ‘అవును’ అని గానీ ‘కాదు’ అని గానీ రాసిన పాపాన పోలేదు. ‘పరిశీలించవలసి ఉంది’ అని రాస్తారు. ఆ మాట రాసినందుకు ఇంతవరకూ ఎవరికీ మెమో రాలేదని ఆయన నమ్మకం. వెనక గుమాస్తాలు, గుమ్మం దగ్గర అటెండరు వీర్రాజు.

“జపానువాళ్ళు ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో మాట్లాడేటప్పుడు వాక్యం చివర చిన్న చిన్న తోకలు తగిలిస్తారండీ,” అని మొదలుపెట్టింది వకుళ. “అసలు మనసంతా ఆ తోకలోనే ఉంటుంది. మనం ‘ఎండగా ఉంది కదండీ’ అంటాం చూడండి. ఎండని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరికే ఇద్దరం కలిసి అనుకుంటున్నాం. ఆ ‘కదండీ’కి వాళ్ళు ‘నే’ అంటారు. అత్సుయి నే. ఎండగా ఉంది కదా అని.”

“అత్సుయి నే,” అన్నారు అందరూ. హాల్లో ఫ్యాను చెడిపోయి ఉంది కాబట్టి ఆ మాట మనస్ఫూర్తిగానే వచ్చింది. వకుళకి ఉత్సాహం పుట్టింది. మాటకి ముందో ‘ఆయ్’, మాట చివరో ‘అండీ’ లేకుండా నోరు విప్పని గోదావరి జిల్లావాళ్ళకి ఈ భాష నేర్పడం ఎంతసేపు అనుకుంది.

“అవతలివాళ్ళకి తెలియని సంగతి మనం చెప్పాలనుకోండి, అప్పుడు ‘యో’ అంటారు. రోడ్డు మీద ఎవరిదో పర్సు పడిపోయింది. ఆయన చూసుకోలేదు, మనం చూశాం. వెనకనుంచి ‘సైఫు ఓచిత యో’ అని కేకేస్తాం. పర్సు పడిపోయిందండోయ్ అన్నట్టు.”

గరుడాచలం గారు చూపుడు వేలు పైకెత్తారు. “ఒక్క సందేహం. అవతలివారికి తెలియనిది మనకు తెలిసినప్పుడు కదా ఈ యో?”

“అవునండీ.”

“ఆ అవతలివారు పై అధికారి అయినచో?”

వకుళకి ప్రశ్న అర్థం కాలేదు. గరుడాచలం గారు పక్కకి తిరిగారు. “ఏమయ్యా కోదండపాణీ, కింది ఉద్యోగికి తెలిసి, పై అధికారికి తెలియని విషయము అంటూ ఒకటి ఉండవచ్చునా?”

కోదండపాణి గారు లేచి నిలబడ్డారు. “ఉండటానికి రూల్సు ఒప్పుకోవు సార్.”

“మరి ఆ పర్సు?”

“అధికారిగారి పర్సు పడితే ముందు అధికారిగారికే తెలుస్తుంది సార్. ఆ తర్వాతే మాకు.”

“అలాక్కాదండీ,” అంది వకుళ. “జపానులో చంటిపిల్లలు కూడా అమ్మతో ‘యో’ అంటారు. ‘ఆకలేస్తోంది యో’ అని.”

“అంటే అక్కడ పెంపకం అలా ఏడిసిందన్నమాట,” అన్నారు గరుడాచలం గారు నొచ్చుకుంటూ. “మనము వారిలోని మంచిని మాత్రమే గ్రహిద్దాము.”

మర్నాటికల్లా ఆ మంచిని గ్రహించిన ఉత్తర్వు వచ్చేసింది. ‘యో’ గెజిటెడ్ అధికారులకు మాత్రమే. మిగతా సిబ్బంది ‘నే’ వాడవచ్చు. అటెండర్లు, డ్రైవర్లు ‘కనా’ వాడాలి. ఏదైనా సంగతి తనకే తేలక, ‘ఏమోలే’ అని లోపల్లోపల అనుకునేటప్పుడు జపానువాళ్ళు అనే మాట అది. అటెండర్లకు అంతకన్నా నిశ్చయం అవసరం లేదని తేల్చారు. నోరు తిరగడానికి, జపాను భాష పూర్తిగా వచ్చేదాకా ఈ తోకలను తెలుగుకే తగిలించి మాట్లాడాలన్నారు. ఆఫీసులో గెజిటెడ్ హోదా గలవారు ఇద్దరే. ఒకరు గరుడాచలం గారు. రెండోది జాయింటు డైరెక్టరు పోస్టు. అది చాలా కాలంగా ఖాళీగా ఉంది.

వకుళ ఉత్తర్వంతా చదివి కోదండపాణి గారి బల్ల దగ్గరికి వెళ్ళింది. “ఇందులో నా సంగతి లేదేమిటండీ?”

“కాంట్రాక్టువారికి తోక శాంక్షను కాలేదు వకుళమ్మా. పర్మినెంటు అయ్యాక ‘నే’ ఇస్తారు.”

“మరి అందాకా?”

“అందాకా వాక్యం తోక లేకుండా ముగించెయ్యాలి. లేదంటే మొదలెట్టకుండా ఉంటే ఇంకా మంచిది కదా నే,” అన్నారాయన చిన్నగా.

రెండో క్లాసులో వకుళ ఇంకో పొరపాటు చేసింది. జపానువాళ్ళు ఒక్కోసారి వాక్యాన్ని మధ్యలోనే వదిలేస్తారని చెప్పింది. “సినిమాకి వస్తావా అని అడిగితే ‘రాను’ అని మొహం మీద అనలేరండీ. ‘ఇవాళ చోత్తో...’ అంటారు. ఇవాళ కొంచెం... అని ఆపేస్తారు. మిగతాది వినేవాళ్ళే పూరించుకుంటారు. నమ్మకం మీద అప్పజెప్పడం లాంటిది. మనం మాత్రం అనమా, ‘చూద్దాం లెండి, ఇంట్లో కాస్త...’ అని?”

గరుడాచలం గారి కళ్ళు మెరిశాయి. “అంటే మనము వాక్యము మొదలుపెట్టి వదిలేసినచో, కిందివారు పూర్తి చేసుకుంటారా!”

“కిందివాళ్ళని కాదండీ, వినేవాళ్ళు.”

“రెండూ ఒకటే.”

ఆ సాయంత్రమే అసంపూర్ణ వాక్య ప్రయోగాధికారము సంచాలకులవారికి మాత్రమే దఖలుపడింది. దానిని పూర్తి చేసే బాధ్యత సూపరింటెండెంటుకి వచ్చింది. గరుడాచలం గారికి ప్రాణం లేచొచ్చింది. ఏ ఫైలు తెరిచినా ‘ఈ విషయములో కొంచెం...’ అని రాసి మూసేసేవారు. కోదండపాణి గారు ఆ ఫైలు తెచ్చుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ‘పరిశీలించవలసి ఉంది’ అని పూర్తి చేసేవారు. ఫైళ్ళు ఎప్పటిలాగే కదలకుండా ఉన్నాయి. ఇప్పుడు అవి జపాను పద్ధతిలో కదలకుండా ఉన్నాయి.

చనువు సాధనకి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం వరండాలో ‘యాదృచ్ఛిక సమావేశములు’ ఏర్పాటయ్యాయి. ఎవరు ఎవరికి అనుకోకుండా ఎదురుపడాలో ముందే నోటీసు బోర్డులో అంటించేవారు. ఎదురుపడినవాళ్ళు ఆశ్చర్యపోవాలి. మాట్లాడబోయే కబుర్ల ముసాయిదా ముందే సమర్పించి ఆమోదం పొందాలి. ఒకసారి ఒక గుమాస్తా ఆమోదం లేకుండా “మీ అబ్బాయికి జ్వరం తగ్గిందా?” అని పక్కవాణ్ణి అడిగేసి సంజాయిషీ రాసిచ్చుకున్నాడు.

గుమాస్తాల సంఘంవారికి కడుపు మండింది. జెండాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. అయితే ‘నే’ దాటి అరిస్తే నిబంధన అతిక్రమణ. అందుకని “యో మాకూ కావాలి నే! వివక్ష పోవాలి నే!” అని నినదించారు. గరుడాచలం గారు కిటికీలోంచి చెయ్యి ఊపి, “నే, నే,” అని ఆప్యాయంగా వంతపాడారు. ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా తేలక సంఘంవారు జెండాలు చుట్టేసుకుని టీకి పోయారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది కూడా. కానీ కొన్నాళ్ళకి వకుళకి ఒక సంగతి తట్టింది. ఈ ఆఫీసులో కిందనుంచి పైకి కొత్త సంగతి ఒక్కటీ వెళ్ళడం లేదు. గుమాస్తా వెళ్ళి “హాల్లో ఫ్యాను తిరగడం లేదు నే” అంటే, గరుడాచలం గారు “నే” అని తలూపుతారు. ‘నే’ అంటే ఆయనకి ముందే తెలుసని అర్థం. తెలియదంటే పరువు పోతుంది. తెలుసంటే మళ్ళీ చెప్పాల్సిన పని లేదు. ఫ్యాను మాత్రం తిరగదు.

అలా ఉండగా స్థలం సంగతి వచ్చింది.

వలల కంపెనీకి చూపించడానికి గరుడాచలం గారు పటం మీద వేలు పెట్టి గువ్వలదిబ్బ పర్రని ఎంచుకున్నారు. సముద్రం పక్కన విశాలమైన చవిటి నేల. చెట్టూ చేమా లేదు, ఆక్రమణలు లేవు. “పేరులోనే దిబ్బ ఉన్నది. మెరక భూమి,” అన్నారు. పర్యటన పౌర్ణమి నాడు పెట్టారు, మంచి రోజని.

వీర్రాజుది ఆ పక్క పల్లెకారుల పేటే. వకుళ దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు. “మేడంగారండీ, పున్నమి పోటుకి ఆ పర్రంతా ములిగిపోద్దండి. పొద్దున్నే మోకాల్లోతు నీరెక్కేత్తాది. పిల్లోణ్ణి అడిగినా సెప్తాడండి.”

“మరి సార్‌కి చెప్పలేదా?”

“సెప్పానండి. ‘నీరెక్కుద్దేమో కనా’ అన్నానండి. ‘ఆలోచించుట మంచి గుణము వీర్రాజూ’ అని మెచ్చుకున్నారండి.”

వకుళ కోదండపాణి గారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఫైలు తీసి చూపించారు. ఫైల్లో స్పష్టంగానే ఉంది: ‘పౌర్ణమి పోటునకు సముద్రపు నీరు సదరు పర్రను పూర్తిగా ముంచివేయును నే.’ దాని కింద పచ్చ సిరాతో సంచాలకులవారి చిన్న సంతకం, పక్కన ‘చూశాను’ అని.

“చూశారు కదండీ! మరి మార్చరేం?”

“చివర ‘నే’ ఉంది కదమ్మా. ఆయనకి తెలిసిందే మేం మళ్ళీ అన్నట్టు. నాకు తెలియదయ్యా, ఇదేమిటి అని ఆయన ఎలా అడుగుతారు? అడిగితే ఆయన పెద్దరికం ఏం కాను?”

“అయితే మీరే వెళ్ళి గట్టిగా చెప్పండి.”

కోదండపాణి గారు అటూ ఇటూ చూశారు. “నాకు రిటైర్మెంటు దగ్గర పడింది వకుళమ్మా. ఇప్పుడు ‘యో’ అని పెన్షను పాడుచేసుకోమంటారా?”

అక్కడికి వకుళ తనే సంచాలకులవారి గదికి వెళ్ళింది. “సార్, ఆ స్థలం విషయం ఒకటి చెప్పాలండీ,” అంది.

గరుడాచలం గారు తల ఎత్తారు. ఎడమ చెవి నల్లగా మెరిసింది. “ఏ హోదాలో చెబుదామని వచ్చావమ్మా?” ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. “నీ పర్మినెంటు ఫైలు నా సొరుగులో ఉన్నది. పర్యటన అయిన మర్నాడే సంతకము పెడతాను. ఈ నాలుగు రోజులూ ఓపిక పట్టు.”

వకుళ నోరు తెరిచింది. అమ్మ గుర్తొచ్చింది, వీధి గుర్తొచ్చింది, హాస్టలు సాంబారు గుర్తొచ్చింది. నోరు మూసేసుకుని బయటికి వచ్చేసింది. ఆ రోజంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

పౌర్ణమి వచ్చింది. పర్ర మధ్యలో షామియానా వేసి, కింద ఎర్ర తివాచీ పరిచి, వరసగా కుర్చీలు వేశారు. కంపెనీ తరపున నిషివాకి అనే పెద్దావిడ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో గొడుగు. చిన్నప్పటినుంచీ రేవు ఊళ్ళో పెరిగి, వలల మీదే జుట్టు పండించుకున్న ఇంజనీరు. కారు దిగి, నేలకేసి ఒకసారి చూసి, సముద్రంకేసి ఒకసారి చూసి, ఏదో అనబోయి ఊరుకుంది.

గరుడాచలం గారు బట్టీపట్టిన చనువు ప్రారంభించారు. “ఈ తెంకి దా నే,” అన్నారు. వాతావరణం బాగుంది కదా అని. ఆవిడ నవ్వి, “నే,” అంది. తరువాత ఆయన మైకు ముందుకెళ్ళి ప్రసంగం అందుకున్నారు. సముద్రం కూడా అప్పుడే బయల్దేరింది.

మొదట తివాచీ అంచు తడిసింది. వెనక వరసలో గుమాస్తాలు కాళ్ళు పైకి ఎత్తుకున్నారు. “నీళ్ళు నే,” అన్నాడొకడు. “అవును నే,” అన్నాడు పక్కవాడు. స్తంభం పక్కనుంచి వీర్రాజు, “నీళ్ళేమో కనా?” అన్నాడు, మోకాళ్ళదాకా ప్యాంటు మడుచుకుంటూ. కోదండపాణి గారు ఫైళ్ళన్నీ ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు ఫైళ్ళ మీద పెట్టుకుని, ముందుకే చూస్తున్నారు.

గరుడాచలం గారి బూట్లలోకి నీళ్ళు వచ్చాయి. ఆయన ఒక్క క్షణం కిందికి చూశారు. కింద నీళ్ళున్నాయి. కిందివాళ్ళెవరూ కంగారు పడటం లేదు. అంటే ఇది అందరికీ తెలిసిన విషయమే అయి ఉండాలి. ఆయనకి మాత్రం తెలియదంటే ఎలా? “ఈ మెరక భూమిలో...” అని గొంతు పెంచి కొనసాగించారు.

నిషివాకి గారి మడమలు మునిగాయి. ఆతిథ్యం ఇచ్చినవారు మాట్లాడకపోతే అతిథి ఏమంటుంది? ఆవిడ గొడుగు ఒళ్ళోకి తీసుకుని, “గాలి బాగుంది నే,” అని జపానులో మర్యాదగా అంది.

వకుళ ఆవిడ వెనకే నిలబడి ఉంది. సముద్రంకేసి చూస్తే ఇంకో పెద్ద వరస నురుగు కక్కుతూ వస్తోంది. మైకు తీగ నీళ్ళలో ఉంది. జనరేటరు ఇంకా మోగుతోంది. పిక్కల్లోతుకి వచ్చాక ఇక పర్మినెంటూ లేదు, గిర్మినెంటూ లేదు. వకుళ పరిగెత్తుకెళ్ళి తీగ పీకేసి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

“అబునాయ్ యో! మిజు గా కిత యో! ప్రమాదం, నీళ్ళొచ్చేశాయండోయ్! సార్, లేవండి! అందరూ లేవండి!”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందరూ ఒక్కసారి లేచారు. కుర్చీలు తేలాయి. వీర్రాజు నిషివాకి గారిని అమాంతం ఎత్తి భుజాన వేసుకుని గట్టు మీదికి పరుగు తీశాడు. ఆవిడ గొడుగు తెరుచుకుని, భుజం మీద కూర్చుని, చిన్నపిల్లలా నవ్వింది. సంచాలకులవారిని ఇద్దరు గుమాస్తాలు రెక్కలు పట్టుకుని తెచ్చారు. గట్టెక్కి చూసేసరికి షామియానా పడుకుని ఈత కొడుతోంది.

నిషివాకి గారు కొంగు లేని మనిషి కాబట్టి వకుళ చున్నీతోనే మొహం తుడుచుకుంది. “నేను మీ ఆచారం అనుకున్నానమ్మా,” అంది వకుళతో. “మీ దేశంలో ఇంటికి వచ్చినవాళ్ళ కాళ్ళు కడుగుతారని చదివాను. ఇంత ఘనంగా సముద్రంతోనే కడిగిస్తున్నారే, కదిలితే బాగోదని కూర్చున్నాను.”

వకుళ అది తెలుగులో చెప్పింది. గరుడాచలం గారు తడిసిన కోటు సర్దుకుని, “అది మన ప్రణాళికలోని అంశమే,” అన్నారు. కానీ ఆ గొంతులో బలం లేదు.

“ఇక్కడికి వచ్చాక నాకు తెలియని సంగతి చెప్పింది నువ్వొక్కదానివే,” అంది నిషివాకి గారు. “సముద్రం పక్కన ఫ్యాక్టరీ పెట్టాలంటే అలాంటి మనిషి ఒకరు ఉండాలి. మెరక నేల ఎక్కడుందో నువ్వు చూపిస్తే చూస్తాను.” వకుళ అదీ తెలుగులో చెప్పి ముగించేలోపే వీర్రాజు రైలు కట్ట అవతలి భూమి వైపు చెయ్యి చాపి చూపిస్తున్నాడు, ఏ తోకా లేకుండా.

కంపెనీ ఆ భూమికి ఒప్పుకుంది. వకుళకి మాత్రం మర్నాడు పొద్దున్నే మెమో అందింది. కోదండపాణి గారు బాధపడుతూనే ఇచ్చారు. కాంట్రాక్టు ఉద్యోగిని అయి ఉండి, విదేశీయుల సమక్షంలో, ప్రభుత్వ భూమిపై (అప్పటికి నీటిలోపల), గెజిటెడ్ ‘యో’ను అనధికారికముగా, బిగ్గరగా, ఒకటికి రెండుసార్లు ప్రయోగించినందున ఉద్యోగమునుండి ఎందుకు తొలగించకూడదో సంజాయిషీ ఇవ్వాలి. వకుళ అక్కడే నిలబడి నాలుగు ముక్కలు రాసిచ్చింది. ‘నీళ్ళు వచ్చాయి. సంచాలకులవారికి తెలియలేదు. నాకు తెలిసింది. అందుకని చెప్పాను.’

మధ్యాహ్నం గరుడాచలం గారు వకుళనీ, కోదండపాణి గారినీ పిలిపించారు. వకుళ సంజాయిషీ ఆయన ముందుంది.

“నాకు తెలియలేదని రాశావు,” అన్నారు.

“అవునండీ.”

“ఫైలులో ‘చూశాను’ అని నా సంతకమున్నది.”

“ఉందండీ.”

ఆయన చాలాసేపు పేపరువెయిటు తిప్పారు. “చూశానే కానీ తెలియదని ఎలా అనేదమ్మా? అందరికీ తెలిసినట్టు రాశారు.” మొట్టమొదటిసారి ఆయన మాటల్లో ఉత్తర్వు భాష లేదు. “నాకు తెలియనివి ఇంకా ఏమైనా ఉన్నాయా?”

ఉద్యోగం ఎలాగూ పోయింది అనుకుంది వకుళ. ఆయన మీద జాలి కూడా వేసింది. “మీ ఎడమ చెవికి జుట్టు రంగు అంటుకుందండీ.”

గరుడాచలం గారి చెయ్యి చెవి మీదికి వెళ్ళింది. “ఎప్పటినుంచి?”

“నేను చేరిన రోజునుంచీ చూస్తున్నానండీ.”

ఆయన కోదండపాణి గారికేసి తిరిగారు. “నువ్వూ చూశావా?”

“సార్ చెవి సంగతి ముందు సార్‌కే...” అని కోదండపాణి గారు మింగేశారు.

“నేను జపాను వెళ్ళానయ్యా ఈ చెవితో!” అన్నారు గరుడాచలం గారు. “అక్కడ ఒక్కరూ చెప్పలేదే!”

“మీరు అతిథి కదండీ,” అంది వకుళ.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “వెళ్ళిన ప్రతిచోటా నా వంక చూసి ముసిముసిగా నవ్వి, తల వంచేవారు. ఎంత చనువు, ఎంత చనువు అనుకున్నాను. ఆ చనువు చూసే కదా ఈ ఉత్తర్వులన్నీ...” వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. ఈసారి అధికారం ఉండి కాదు, మాట పెగలక.

తరువాత ఆయన సొరుగు లాగి వకుళ ఫైలు తీశారు. పచ్చ సిరా కలంతో ‘ఈ ఉద్యోగిని విషయములో కొంచెం...’ అని రాశారు. కలం అక్కడే ఆపి, ఫైలు కోదండపాణి గారి ముందుకి తోసి, లేచి, చెవిని అరచేత్తో కప్పుకుని బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

కోదండపాణి గారు ఏం రాస్తారో ఆఫీసులో కుర్చీలకి కూడా తెలుసు. పరిశీలించవలసి ఉంది. మార్చిదాకా పరిశీలిస్తారు, ఆ తరువాత చెన్నై బండి ఎక్కాలి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. వకుళకేసి ఒకసారి, బాత్రూం తలుపుకేసి ఒకసారి చూశారు. నీళ్ళలో ఒళ్ళో చెప్పులు పెట్టుకుని కూర్చున్నది గుర్తొచ్చిందో ఏమో, చెవులు ఎర్రబడ్డాయి. కలం తీసి, ఎక్కడా ఆగకుండా రాశారు.

‘ఈ ఉద్యోగిని విషయములో కొంచెం ఆలస్యము జరిగినది. ఆమె ఉద్యోగమును నేటినుండి పర్మినెంటు చేయడమైనది.’

రాసి, ఫైలు వకుళవైపు తిప్పారు. వకుళ చదివింది. కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు అలుక్కుపోతే మళ్ళీ చదివింది.

లోపలనుంచి నీళ్ళ చప్పుడు ఆగింది. “కోదండపాణీ! ఇది సబ్బుతో పోవడం లేదయ్యా! ఎలా?”

కోదండపాణి గారు నిటారుగా నిలబడ్డారు. గొంతు సవరించుకుని, వరండాలో గుమాస్తాలందరూ తలలు తిప్పేలా, సర్వీసులో మొదటిసారి కేక పెట్టారు.

“సబ్బుతో పోదు సార్! కొబ్బరినూనె రాయాలి, యో!”